మామూలే అన్న జవాబు చాలదు

(‘స్త్రీలు - ఆరోగ్య హక్కు’ అనే అంశంపై అమీర్‌పేటలో జరిగిన మహిళా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఆరోగ్యం గురించి మాట్లాడమని మనవాళ్ళు అడిగినప్పుడు నేను ముందు వద్దన్నాను. నేను డాక్టర్ని కాను, నర్సును కూడా కాను. లెక్కలు రాసుకునే ఉద్యోగం నాది. ‘నువ్వు డాక్టరుగా మాట్లాడనక్కర్లేదు, పేషెంటుగా మాట్లాడు. నాలుగేళ్ళు ఈ రోడ్డు మీద ఆస్పత్రుల చుట్టూ తిరిగావు కదా, అదే చెప్పు’ అన్నారు. సరే, అదే చెప్తాను. నాకేం జరిగిందో చెప్పి ఊరుకుంటే అది నా గోడు మాత్రమే అవుతుంది. నాకు జరిగింది మీలో ఎంతమందికి జరిగిందో ఆలోచించమని అడగడానికే నిలబడ్డాను.

2014లో నాకు ముప్పై ఆరేళ్ళు. మైత్రీవనం దగ్గర ఒక కంప్యూటర్ శిక్షణ సంస్థలో అకౌంట్లు చూసేదాన్ని. మా ఇల్లు పంజగుట్టలో, మెయిన్‌రోడ్డు వదిలి లోపలికి వెళ్తే వచ్చే సందులో, రెండు గదుల అద్దె వాటా. ఇద్దరు పిల్లలు, ఆయన, అత్తగారు. రోజు విడిచి రోజు తెల్లవారుజామున నల్లా వచ్చేది. ఐదింటికి లేచి నీళ్ళు పట్టి, వంటచేసి, నాలుగు డబ్బాలు సర్ది, తొమ్మిదింటికల్లా బయటపడేదాన్ని. మెట్రో పనులతో రోడ్డంతా ఇరుకైపోయిన రోజులవి. బస్సు కోసం నిలబడేకంటే నడిచి వెళ్ళడమే నయమనిపించేది. పంజగుట్ట నుంచి అమీర్‌పేట దాకా రోజూ నడిచేదాన్ని.

ఒక రోజు సగం దారిలో ఆగిపోయాను. కళ్ళు తిరగలేదు, పడిపోలేదు. కాళ్ళు ఇక కదలనన్నాయి, అంతే. ఒక షాపు మెట్ల మీద పావుగంట కూర్చుని లేచాను. అప్పటినుంచి అది నన్ను వదల్లేదు. తడిబట్టలు పిండబోతే మణికట్టులో నొప్పి. జడ వేసుకోవడానికి చేతులెత్తితే భుజాల్లో నొప్పి. రాత్రి ఎనిమిది గంటలు పడుకున్నా పొద్దున లేచేసరికి ఎవరో ఒళ్ళంతా కొట్టినట్టు ఉండేది. ఆఫీసులో కూడిన లెక్కనే మళ్ళీ మళ్ళీ కూడేదాన్ని. ఆదివారం విశ్రాంతి తీసుకుంటే తగ్గుతుందనుకున్నాను. ఇల్లాలికి ఆదివారం పని రెట్టింపని మీకు వేరే చెప్పాలా!

మొదట వీధి చివర క్లినిక్కుకి వెళ్ళాను. డాక్టరుగారు నా ముఖం చూశారో లేదో కూడా నాకు గుర్తులేదు. ‘ఏమ్మా?’ అన్నారు. ‘ఒళ్ళునొప్పులు, నీరసం’ అన్నాను. బి-కాంప్లెక్సు, కాల్షియం, ఒక నొప్పి మాత్ర రాశారు. మూడు నిమిషాల్లో బయట ఉన్నాను. ఏడాదిపాటు ఆ చీటీ చూపించే మందుల షాపులో మాత్రలు కొనుక్కున్నాను. నొప్పి మాత్రలు కడుపులో మంట పెడితే దానికింకో మాత్ర.

తర్వాత ఒక నర్సింగ్‌హోముకి వెళ్ళాను. రక్తపరీక్ష చేయించారు. హిమోగ్లోబిన్ 10.1 వచ్చింది. రిపోర్టు మీద ఆ అంకె పక్కన చుక్క పెట్టి ఉంది. ‘ఇదేమిటండీ?’ అని అడిగితే, ‘మన ఆడవాళ్ళకి ఇది మామూలేనమ్మా, ఆకుకూరలు తినండి’ అన్నారు.

ఈ ‘మామూలే’ అన్న మాటను దయచేసి గుర్తుపెట్టుకోండి. మళ్ళీ దీని దగ్గరికే వస్తాను.

మూడోసారి పెద్ద ఆస్పత్రికి వెళ్ళాం. ఈసారి మావారు కూడా వచ్చారు. నాలుగైదు పరీక్షలు, ఎక్స్‌రే, గుండె పరీక్ష అన్నీ అయ్యాయి. జీతంలో సగం పోయింది. డాక్టరుగారు కాగితాలు తిరగేసి, నావైపు కాకుండా మావారివైపు తిరిగి, ‘చూడండి సార్, రిపోర్టులన్నీ నార్మల్. ఆవిడకి ఏ జబ్బూ లేదు. కొంచెం టెన్షన్ ఎక్కువ. ఏదైనా వ్యాపకం పెట్టుకోమనండి’ అన్నారు. పొద్దున ఐదు నుంచి రాత్రి పదకొండు దాకా పనిచేసే మనిషికి వ్యాపకం కావాలట! నేను ఆ గదిలోనే ఉన్నాను. నా ఒంటి సంగతి నాకు కాకుండా పక్కవాళ్ళకి చెప్పడం అక్కడ ఎవరికీ తప్పుగా అనిపించలేదు. నిజం చెప్పాలంటే ఆ రోజు నాక్కూడా అనిపించలేదు. అవమానమని అర్థం కావడానికి కొన్నాళ్ళు పట్టింది.

మావారు చెడ్డవారు కారు. కానీ ‘ఏ జబ్బూ లేదు’ అని అంత పెద్ద డాక్టరు చెప్పాక, ఆ సాయంత్రం నేను మంచం మీద వాలితే ఆయన చూసే చూపు మారింది. అత్తగారు ‘మా కాలంలో ఇన్ని సుకుమారాలు లేవు’ అన్నారు. వాళ్ళనేమంటాను, నాకే నామీద అనుమానం మొదలైంది. నేను సోమరినేమో, నిజంగా నటిస్తున్నానేమో అని. నొప్పి కంటే ఎక్కువగా నన్ను కుంగదీసింది ఆ అనుమానమే.

నాలుగో చోట, నెలసరి ఎక్కువగా అవుతోందని చెప్పినందుకు, ‘పిల్లలు పుట్టేశారు కదా, గర్భసంచి తీయించేసుకోండి. నడుంనొప్పీ నీరసమూ అన్నీ పోతాయి’ అన్నారు. మా అక్కకు ముప్పై రెండేళ్ళకే తీశారు. మా వదినకీ తీశారు. మా ఇళ్ళలో అది పన్ను తీయించుకున్నంత తేలికైన సంగతి. నేనూ ఒప్పుకున్నాను. ఆఫీసులో అప్పు కోసం దరఖాస్తు కూడా పెట్టాను.

ఆ అప్పు దరఖాస్తు మీద సంతకం కోసం వెళ్ళినప్పుడు, మా ఆఫీసులోనే పనిచేసే ఒకావిడ ‘ఎందుకు తీస్తున్నారో అడిగావా?’ అంది. అడగలేదు. ‘ఏం పరీక్ష చేసి చెప్పారు?’ అంది. ఏమీ చేయలేదు. మర్నాడు ఒక పాత పుస్తకం తెచ్చి నా టేబుల్ మీద పెట్టింది. అది ‘సవాలక్ష సందేహాలు’. స్త్రీశక్తి సంఘటన, అన్వేషి వంటి చోట్ల పనిచేసిన స్త్రీలు కూర్చుని తెలుగులో మన ఆరోగ్యం గురించి తయారుచేసిన పుస్తకం. 1991లో హైదరాబాద్ బుక్ ట్రస్ట్ వేసింది. అందులో మందుల వివరాలు ఇన్నేళ్ళలో మారి ఉండొచ్చు. కానీ మన శరీరం గురించి మనకు తెలియాలి, డాక్టర్ని ప్రశ్న అడగొచ్చు అన్నది అందులో నేను మొదటిసారి చదివాను. నలభయ్యో పడి దగ్గరపడే దాకా ఆ మాట నాకెవరూ చెప్పలేదు.

2018లో ఆవిడే నన్ను ఒక ప్రభుత్వ ఆస్పత్రిలో పనిచేసే డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళింది. వెళ్ళేముందు నెలరోజులపాటు ఒక నోటుబుక్కులో రాయించింది. ఏ రోజు ఎక్కడ నొప్పి, ఎన్ని గంటలకు లేచాను, ఎప్పుడు తిన్నాను, నెలసరి ఎన్ని రోజులు, రోజుకెన్ని ప్యాడ్లు, అన్నీ. ఆ డాక్టరమ్మ నోటుబుక్కు తీసుకుని చదివారు. తర్వాత నన్ను అడిగారు. చలి ఎక్కువగా అనిపిస్తుందా, మలబద్ధకం ఉందా, జుట్టు రాలుతోందా, పొద్దున కీళ్ళు పట్టేస్తే ఎంతసేపటికి వదులుతాయి, ఇంట్లో మీరెప్పుడు తింటారు, ఎవరు తిన్నాక తింటారు, ఇంట్లో ఎవరైనా కొడతారా? ఈ చివరి ప్రశ్న నా స్నేహితురాల్ని కూడా బయటికి పంపి అడిగారు. నాలుగేళ్ళలో ఇవేవీ నన్నెవరూ అడగలేదు.

రెండు పరీక్షలు కొత్తగా రాశారు. ఒకటి థైరాయిడ్‌ది, దాన్ని టీఎస్‌హెచ్ అంటారు. రెండోది ఫెర్రిటిన్. అంటే ఒంట్లో ఇనుము ఎంత నిల్వ ఉందో చెప్పే పరీక్ష. థైరాయిడ్ బాగా తక్కువగా పనిచేస్తోందని తేలింది. ఇనుము నిల్వ దాదాపు అడుగంటింది. అప్పుడావిడ ఒక కాగితం మీద బొమ్మ గీసి చెప్పారు. థైరాయిడ్ తగ్గితే నీరసం, కండరాల నొప్పులు వస్తాయి. నెలసరిలో రక్తం కూడా ఎక్కువగా పోవచ్చు. రక్తం పోతే ఇనుము పోతుంది. ఇనుము పోతే నీరసం ఇంకా పెరుగుతుంది. ఇదొక గొలుసు. నేను నా గర్భసంచిని తీయించుకోబోయాను, గొలుసు మొదలు మాత్రం గొంతులో ఉంది!

పొద్దున పరగడుపున థైరాయిడ్ మాత్ర వేసుకోమన్నారు. ఇనుము, కాల్షియం మాత్రలు దానితో కలిపి వేసుకోకూడదని, నాలుగు గంటలైనా ఎడం ఉండాలని, ఇనుము మాత్ర వేసుకున్నప్పుడు టీ తాగితే అది ఒంటికి పట్టదని చెప్పారు. అంతకుముందు ఏడాదిపాటు మింగిన మాత్రలన్నీ నేను టీతోనే మింగాను. ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు.

ఆర్నెల్లలో నెలసరి దారికొచ్చింది. ఏడాదికి మెట్లెక్కగలిగాను. ఇక్కడితో కథ సుఖాంతమని చెప్పగలిగితే బాగుండేది. కానీ నొప్పులు పూర్తిగా పోలేదు. తర్వాత కీళ్ళ డాక్టరు చూసి, మిగిలినదాన్ని ఫైబ్రోమయాల్జియా అన్నారు. ఒళ్ళంతా నొప్పి, నిద్రపోయినా తీరని అలసట దాని లక్షణాలు. అది రక్తపరీక్షలో కనిపించదు, ఎక్స్‌రేలో కనిపించదు. అలాగని లేనిది కాదు. దాన్ని గుర్తించడానికి అమెరికన్ కాలేజ్ ఆఫ్ రుమటాలజీ 1990లో ప్రమాణాలు ప్రకటించింది, 2010లో వాటిని మార్చింది. పూర్తిగా నయంచేసే మందు లేదు. నిద్ర, మెల్లమెల్లగా పెంచుకునే వ్యాయామం, కొన్ని మందులు, పని తగ్గించుకోవడం. వీటితో సగానికి పైగా తేలికపడ్డాను. మిగతాదానితో బతకడం నేర్చుకుంటున్నాను. జబ్బు పూర్తిగా పోకపోయినా దాని పేరు తెలియడం వల్ల నాకు ఒక మేలు జరిగింది. నేను నటించడం లేదని నాకు తెలిసింది.

ఇప్పుడు ‘మామూలే’ దగ్గరికి వస్తాను.

ఆ డాక్టరుగారు అబద్ధం చెప్పలేదు. ఆడవాళ్ళలో రక్తం తక్కువగా ఉండటం మన దగ్గర నిజంగానే మామూలు. 2019-21లో జరిగిన ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో రక్తహీనత ఉన్నవాళ్ళు తెలంగాణలో 57.6 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం. గర్భవతి కాని స్త్రీకి హిమోగ్లోబిన్ 12 కంటే తగ్గితే రక్తహీనత కింద లెక్క. అంటే ఈ హాల్లో ఉన్న ప్రతి ఇద్దరిలో ఒకరికి పైగా ఉండే అవకాశం ఉంది. థైరాయిడ్ సంగతి చూద్దాం. మన హైదరాబాద్‌తో కలిపి ఎనిమిది నగరాల్లో చేసిన అధ్యయనం 2013లో అచ్చయింది. పెద్దవాళ్ళలో సుమారు పది మందిలో ఒకరికి థైరాయిడ్ తక్కువగా పనిచేస్తోందని, అందులోనూ మగవాళ్ళకంటే ఆడవాళ్ళలో ఎక్కువని అది చెప్పింది.

ఎముకల సంగతి ఇంకా దారుణం. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థలో పనిచేసిన డాక్టర్ వీణా శత్రుఘ్న, ఆమె సహచరులు స్త్రీల నడుంనొప్పి గురించి 1990లోనే ఎకనామిక్ అండ్ పొలిటికల్ వీక్లీలో వ్యాసం రాశారు. 2005లో ప్రచురించిన మరో అధ్యయనంలో తక్కువ ఆదాయం ఉన్న, 30 నుంచి 60 ఏళ్ళ మధ్య వయసు స్త్రీలు 289 మంది ఎముకల్ని పరీక్షించారు. తుంటి దగ్గర ఎముక 52 శాతం మందిలో పలచబడటం మొదలైంది, 29 శాతం మందిలో బాగా గుల్లబారింది. తిండికీ ఎముక బలానికీ సంబంధం ఉందని వాళ్ళు చూపించారు. అడ్డమీద కూలికి నిలబడే ఆడమనిషి ‘నడుంనొప్పి’ అంటే ‘వయసు మీద పడింది’ అంటారే, ఆ నడుములోపల జరుగుతున్నది ఇది.

కాబట్టి మామూలే. కానీ మామూలు కావడం వేరు, సరైనది కావడం వేరు. సగంమంది ఇళ్ళు తగలబడుతుంటే ‘ఈ ఊళ్ళో ఇది మామూలే’ అని ఎవరూ ఊరుకోరు. సగంమంది ఆడవాళ్ళకు రక్తం లేకపోతే మాత్రం ఊరుకుంటారు. ఎక్కువమందికి ఉన్న జబ్బుకు ఎక్కువ మందులు రావాలి. మన విషయంలో ఎక్కువమందికి ఉంది కాబట్టి అది జబ్బే కాదంటున్నారు.

అదే సమయంలో అసలైన పరీక్ష చేయకుండా పెద్ద ఆపరేషన్ చేయడం కూడా మామూలైపోయింది. 2015-16 నాటి నాలుగో కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ళలోపే గర్భసంచి తీయించుకున్న స్త్రీలు దేశం మొత్తం మీద 3.2 శాతం ఉంటే, తెలంగాణలో 7.7 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 8.9 శాతం. అవసరమై చేసే ఆపరేషన్ని నేను తప్పుపట్టడం లేదు. కానీ చిన్న వయసులో గర్భసంచితోపాటు అండాశయాలు కూడా తీసేస్తే ఎముకలు త్వరగా గుల్లబారతాయి, గుండెజబ్బుల ప్రమాదం పెరుగుతుంది. నొప్పి పోతుందని వెళ్ళినవాళ్ళు కొత్త నొప్పి తెచ్చుకుంటారు. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ ప్రధానంగా ఆస్పత్రిలో చేరి చేయించుకునే వైద్యానికి డబ్బు కట్టే పథకం. అది పేదవాళ్ళకి ఎంతో ఉపయోగపడింది, కాదనను. కానీ ఒక మనిషి దగ్గర ఇరవై నిమిషాలు కూర్చుని ప్రశ్నలు అడిగే వైద్యానికి ఏ కార్డూ లేదు.

ఇది మన ఒక్క ఊరి సంగతీ కాదు. 1955లో లండన్‌లోని రాయల్ ఫ్రీ ఆస్పత్రిలో సిబ్బంది సుమారు 300 మందికి అంతుపట్టని జబ్బు చేసింది. విపరీతమైన అలసట, కండరాల నొప్పులు. ఆస్పత్రినే కొన్ని నెలలు మూసేశారు. పదిహేనేళ్ళ తర్వాత, 1970లో, ఇద్దరు మానసిక వైద్యులు పాత కాగితాలు చూసి అది సామూహిక హిస్టీరియా అని రాశారు. అందుకు వాళ్ళు చూపిన కారణాల్లో ఒకటి, జబ్బుపడ్డవాళ్ళలో ఎక్కువమంది ఆడవాళ్ళు కావడం! అలాంటి అలసట జబ్బు శరీరానికి సంబంధించినదేనని, ఊహ కాదని అమెరికాలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెడిసిన్ చెప్పడానికి 2015 దాకా పట్టింది. ‘వ్యాయామం పెంచుకుంటూ పోతే అదే తగ్గుతుంది’ అన్న పాత సలహాను ఆ జబ్బు విషయంలో బ్రిటన్ 2021లో మానుకుంది. కోవిడ్ వచ్చి తగ్గాక నెలల తరబడి లేవలేకపోయినవాళ్ళని చూశాక గానీ చాలామంది డాక్టర్లకు ఈ అలసట నిజమని నమ్మకం కుదరలేదు.

ఒక మాట జాగ్రత్తగా చెప్పాలి. ‘టెన్షన్’ అన్నారని నాకు కోపమొచ్చింది గానీ, మనసుకు జబ్బు రావడం నామోషీ అని నేననడం లేదు. దిగులు జబ్బు కూడా జబ్బే. దానివల్ల కూడా ఒళ్ళు నొప్పులు పుడతాయి, నిద్ర పోతుంది, శక్తి పోతుంది. దానికీ మంచి వైద్యం ఉంది. నా అభ్యంతరమల్లా, ఆ మాటను తలుపు మూయడానికి వాడటం గురించే. టెన్షన్ అని నిజంగా అనుకుంటే ఎందుకని అడగాలి. వైద్యం చేయాలి. ‘వ్యాపకం పెట్టుకో’ అనడం వైద్యం కాదు. మన కౌన్సెలింగ్ కేంద్రాలకు వచ్చే స్త్రీలలో ఎంతమంది ముందు ఒళ్ళునొప్పులని చెప్పి, మూడోసారో నాలుగోసారో గానీ దెబ్బల సంగతి చెప్పరో మీకు తెలుసు. భర్త పక్కన నిలబడి ఉండగా డాక్టరు అడిగితే ఆవిడ ఏం చెప్తుంది?

పని సంగతి కూడా మాట్లాడాలి. ఇప్పుడు మీరు ఈ హాలు దిగి అమీర్‌పేట నుంచి పంజగుట్ట దాకా నడవండి. బట్టల షాపులు, నగల షాపులు వరసగా ఉంటాయి. లోపల ఆడపిల్లలు పొద్దున పది నుంచి రాత్రి పది దాకా నిలబడే ఉంటారు. మా సందులో హాస్టల్లో ఉండే ఒకమ్మాయి, ఇరవై రెండేళ్ళది, చీరల సెక్షన్లో పనిచేస్తుంది. కాళ్ళు వాచి, పిక్కలు గట్టిపడి రాత్రిళ్ళు ఏడుస్తుంది. గిరాకీ లేనప్పుడు కూడా కూర్చోనివ్వరట. నీళ్ళు తాగితే పదేపదే బాత్రూముకి వెళ్ళాలని నీళ్ళు తాగదు. ఈమెకు ఏ మాత్ర రాయాలి? ఆమెకు కావలసింది ముందు ఒక స్టూలు. కేరళలో షాపుల్లో పనిచేసే స్త్రీలు కూర్చునే హక్కు కోసం ఏళ్ళ తరబడి పోరాడితే 2018లో చట్టం సవరించారు. 2021లో తమిళనాడు అదే చేసింది. ‘కూర్చునే హక్కు’ అంటే వినడానికి చిన్నగా ఉంటుంది. పన్నెండు గంటలు నిలబడితే గానీ అదెంత పెద్దదో తెలియదు. ఇక్కడి ప్రతి షాపులో ఆ స్టూలు కనిపించేదాకా మనం అడగాలి.

ఇక మనం చేయగలిగినవి చెప్పి ముగిస్తాను.

ఒకటి, రాసుకుందాం. ఒక రూపాయి పెన్నూ పిల్లల పాత నోటుబుక్కూ చాలు. రాయడం రానివాళ్ళ కోసం మనం రాద్దాం. ‘నీరసం’ అంటే డాక్టరు వినకపోవచ్చు. ‘మూడు నెలలుగా బిందె ఎత్తలేకపోతున్నాను, నెలసరి తొమ్మిది రోజులు అవుతోంది’ అంటే వినక తప్పదు.

రెండు, ఒంటరిగా వెళ్ళవద్దు. మనల్ని నమ్మే మనిషిని తోడు తీసుకెళ్దాం.

మూడు, నాలుగు ప్రశ్నలు అడుగుదాం. నాకేమైందని మీరనుకుంటున్నారు? అది కాకపోతే ఇంకేం కావచ్చు? ఈ పరీక్ష, ఈ మందు ఎందుకు? తగ్గకపోతే ఎప్పుడు మళ్ళీ రావాలి? రక్తం ఎంత ఉంది, థైరాయిడ్ చూశారా, షుగర్ చూశారా, బి-12, డి విటమిన్లు చూడాల్సిన అవసరముందా అని అడగడంలో తప్పులేదు. బరువు తగ్గిపోవడం, విడవని జ్వరం, కీళ్ళు వాచి పొద్దున గంటసేపు పట్టేయడం, ఆయాసం, మలంలో రక్తం, ఇలాంటివి ఉంటే ‘మామూలే’ అన్నా సరే ఆలస్యం చేయకుండా ఇంకొకరికి చూపించాలి. ముఖం మీద ఎర్రటి మచ్చలు, నోటిపూత, కీళ్ళనొప్పులు కలిసి వచ్చే లూపస్ అనే జబ్బు ఉంది. అది వచ్చేవాళ్ళలో పదిమందికి తొమ్మిదిమంది ఆడవాళ్ళే. పంజగుట్టలో నిమ్స్‌లో ఇలాంటి జబ్బులకు ప్రత్యేక విభాగమే ఉంది.

నాలుగు, కాగితాలు మనవి. 2002 నాటి భారత వైద్యమండలి నిబంధనల ప్రకారం రోగిగానీ రోగి తరఫువాళ్ళుగానీ అడిగితే 72 గంటల లోపల వైద్య రికార్డులు ఇవ్వాలి. జాతీయ మానవ హక్కుల కమిషన్ 2018లో తయారుచేసిన రోగుల హక్కుల పత్రంలో 17 హక్కులున్నాయి. జబ్బు గురించి వివరం తెలుసుకునే హక్కు, రికార్డులు పొందే హక్కు, మరో డాక్టరు అభిప్రాయం తీసుకునే హక్కు, మగ డాక్టరు పరీక్షించేటప్పుడు మరో స్త్రీ దగ్గరుండాలని అడిగే హక్కు అందులో ఉన్నాయి. డబ్బు తీసుకుని చేసే వైద్యం వినియోగదారుల రక్షణ చట్టం కిందికి వస్తుందని 1995లోనే సుప్రీంకోర్టు చెప్పింది. అలాగని కసురుకున్న ప్రతి డాక్టరు మీదా కేసు నిలబడదు. కానీ హక్కు ఉందని తెలిసిన మనిషి కుర్చీలో కూర్చునే తీరే వేరుగా ఉంటుంది.

ఐదు, ఇది మనలో ఒక్కొక్కరు వెళ్ళి పరీక్షలు చేయించుకుంటే తీరే సమస్య కాదు. 2018లో బస్తీ దవాఖానాలు మొదలయ్యాయి, అదే ఏడు తెలంగాణ డయాగ్నొస్టిక్స్ పేరుతో ఉచిత పరీక్షలు మొదలయ్యాయి. 2023 మార్చి 8న స్త్రీల కోసం ఆరోగ్య మహిళ అనే కార్యక్రమం మొదలుపెట్టారు. కాగితం మీద ఉన్నవి మన బస్తీలో నిజంగా జరుగుతున్నాయా? మంగళవారం వెళ్తే డాక్టరు ఉంటున్నారా? థైరాయిడ్ పరీక్ష చేస్తున్నారా? రిపోర్టు ఎన్ని రోజులకు వస్తోంది? మనలో ఇద్దరిద్దరు కలిసి ఒక్కో దవాఖానాకు వెళ్ళి చూసి రాసుకొచ్చి వచ్చే సమావేశంలో చెప్పాలని నా ప్రతిపాదన.

డాక్టర్లందరూ చెడ్డవాళ్ళని నేననలేదు. నన్ను లేపి నిలబెట్టింది కూడా డాక్టరే. ఆవిడ గది బయట రోజూ నూరుమంది ఉంటారు. ప్రతివాళ్ళకీ ఇరవై నిమిషాలు ఇవ్వడం ఆవిడవల్ల కాదు. డాక్టర్లను పెంచమని, ఆస్పత్రులకు డబ్బు ఇమ్మని అడగాల్సింది కూడా మనమే.

చీరల షాపు అమ్మాయి గురించి ఒక్క మాట. క్రితం నెల ఒక రోజు జీతం కోత పడినా సరేనని నాతో దవాఖానాకు వచ్చింది. హిమోగ్లోబిన్ 8.4 ఉంది. అక్కడున్న కుర్ర డాక్టరు రిపోర్టు చూసి అలవాటుగా ‘ఆడపిల్లలకి మామూలే’ అనబోయాడు. ఈ పిల్ల నావైపు ఒకసారి చూసి, ‘మామూలైతే నాకు మెట్లెక్కితే ఆయాసం ఎందుకొస్తోంది సార్?’ అంది. ఆ అబ్బాయి ఒక క్షణం ఆగాడు. కుర్చీ ముందుకు లాక్కుని, ‘ఎప్పటినుంచి వస్తోందమ్మా?’ అని అడిగాడు.

మనం అడిగితేనే వాళ్ళు అడుగుతారు. అందుకే ఇంతసేపు చెప్పాను. నిలబడి వింటున్నవాళ్ళు వెనక కుర్చీలు ఖాళీగా ఉన్నాయి, దయచేసి కూర్చోండి.